పద్నాలుగేళ్ల అనుభవం, సగం కట్టిన ముడి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సాహస క్రీడల మీద వేసిన రెండు పేజీలు చదివానండి. మన విజయవాడ, గుంటూరు పిల్లలు కూడా బండలు ఎక్కుతున్నారు, పారాగ్లైడింగ్ నేర్చుకోవటానికి హిమాచల్‌లో బీర్ బిల్లింగ్ దాకా వెళ్తున్నారు అని రాశారు, అది చూసి నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే మేం మొదలుపెట్టిన రోజుల్లో తాడు చుట్ట భుజాన వేసుకుని వెళ్తుంటే బావిలో ఏం పడిందండీ అని అడిగేవాళ్లు. కానీ అందులో ఒక మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కొత్తగా చేరినవాళ్లే జాగ్రత్తగా ఉండాలి, నాలుగైదేళ్ల అనుభవం వస్తే ఇంక ప్రమాదం దాదాపు ఉండదు అన్నట్టు రాశారు. అది తప్పండి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కూడా మీ పేపర్ చదువుతారు, సీనియర్ తోడున్నాడుగా ఇంకేం పర్లేదు అనుకుంటారు, అందుకే రాయకుండా ఉండలేకపోయా. కాస్త పెద్ద ఉత్తరమే, కుదిరితే మొత్తం వేయండి.

నాది గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. 2009లో హైదరాబాద్ ఫ్రెండ్స్‌తో భువనగిరి గుట్టకి వెళ్లి రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నా, అప్పట్నుంచీ వదల్లేదు. 2014లో మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కాక, ఆ అమ్మాయి మొదట నేర్చుకుంది కూడా ఆ భువనగిరి బండ మీదే అని తెలిశాక, మా దగ్గరికి కూడా పిల్లలు రావటం మొదలైంది. ఇప్పుడు ఒక పది పన్నెండు మందిమి ఆదివారం తెల్లారుజామున బయల్దేరి వారధి దాటి, మంగళగిరి దగ్గర టీ తాగి, గుంటూరు వైపు ఒక చిన్న బండ దగ్గరికి వెళ్తాం. ఆరింటికల్లా తాడు వేసేస్తాం. ఎండాకాలం అయితే తొమ్మిది దాటాక బండ మీద చెయ్యి పెట్టలేం, పెనం లాగా కాలిపోద్ది.

ఆ రోజు 2023 డిసెంబర్‌లో ఒక ఆదివారం. మేం వార్మప్‌కి ఎక్కే దారి ఒకటుంది, నలభై అడుగులు ఉంటుందేమో, ఎన్ని వందల సార్లు ఎక్కి ఉంటానో నాకే లెక్క లేదు, కళ్లు మూసుకుని ఎక్కగలను అని నేనే చాలాసార్లు అన్నా. నాకది కొట్టిన పిండి. తెలీనివాళ్ల కోసం ముడి సంగతి కొంచెం చెప్తా, ఎందుకంటే విషయమంతా అక్కడే ఉంది. తాడు చివర ఒక మీటరు దాకా వదిలి, ముందు 8 అంకె ఆకారంలో ఒక ముడి వేస్తాం. ఆ మిగిలిన కొసని నడుముకి కట్టుకున్న హార్నెస్‌లో రెండు చోట్ల దూర్చి, మళ్లీ వెనక్కి తెచ్చి, అదే 8 వెంట అడుగులో అడుగేసినట్టు మొత్తం తిప్పి బిగించాలి. అయ్యాక చూస్తే తాడు ఎక్కడ చూసినా జంటగా, పక్కపక్కన రెండు వరసలుగా కనపడాలి, ఐదు జతలు లెక్క పెట్టుకోవాలి. అంతే. నిమిషం కూడా పట్టదు. నేను ఈ ముడి కనీసం వందమందికి నేర్పా.

ఆ పొద్దున మొదటి 8 వేశా, కొసని హార్నెస్‌లోంచి దూర్చా, సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. షాపుకి సరుకు లారీ వచ్చింది, గోడౌన్ తాళం ఎవరి దగ్గరుంది అని. మాట్లాడుతూనే బండ మీద కూర్చుని షూస్ వేసుకున్నా. ఫోన్ బ్యాగులో పెట్టేశా, చేతులకి పౌడర్ రాసుకున్నా, లేచి ఎక్కటం మొదలుపెట్టా. బైక్ మీద వచ్చేటప్పుడు చలికని వేసుకున్న విండ్‌చీటర్ తీయలేదు, అది నడుము మీదకి జారి ముడిని కప్పేసింది. కింద తాడు పట్టుకుని బిలే చేస్తున్నది, అంటే నేను జారితే తాడు బిగించి ఆపాల్సింది, నా ఫ్రెండ్, వాడికీ నాకూ పన్నెండేళ్ల నుంచి ఒకటే తాడు. వాడు నా ముడి చూడలేదు, నేను వాడు తాడు పట్టే పరికరం లాక్ అయిందో లేదో చూడలేదు. ఒకప్పుడు చూసుకునేవాళ్లం, ఎప్పుడు మానేశామో కూడా గుర్తులేదు.

పన్నెండు అడుగులు ఎక్కా. కింద నుంచి ఒక సన్నటి గొంతు వినపడింది. సార్, ఆ ముడి అలాగే ఉంటుందా సార్?

అడిగింది బీటెక్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, మా దగ్గరికి రావటం మొదలుపెట్టి అప్పటికి మూడో నెల. నేను విండ్‌చీటర్ పైకెత్తి చూసుకున్నా. కొస హార్నెస్‌లోంచి దూరి ఊరికే వేలాడుతోంది, మూరెడు పొడుగున, పైట చెంగు లాగా గాలికి ఊగుతోంది. పైన 8 అలాగే ఒంటరిగా ఉంది. అంటే నేను తాడుకి కట్టుకోలేదు, తాడు నా హార్నెస్ మీద ఆని ఉంది, అంతే. పైకి వెళ్లి అలవాటు ప్రకారం టేక్, అంటే తాడు బిగించు అని అరిచి వెనక్కి వాలి ఉంటే, ఆ కొస సర్రున జారిపోయేది, నలభై అడుగుల మీద నుంచి రాళ్లలోకి.

అదృష్టం బాగుండి రెండు పాదాలు ఆనే మెట్టు లాంటి చోట ఉన్నా. ఛాతీ బండకి ఆనించి, రెండు చేతులూ వదిలి ముడి పూర్తి చేశా. ఎన్ని వేలసార్లు వేసిన ముడో అది, వేళ్లు ఆ రోజు మాట వినలేదు, రెండుసార్లు తప్పు దారిలో తిప్పా. కిందికి దిగాక చాలాసేపు కూర్చుండిపోయా, ఆ రోజు ఇంక ఎక్కలేదు.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది తర్వాత ఆ అమ్మాయి చెప్పిన మాట. తను నేను నేల మీద ఉన్నప్పుడే చూసిందట. షూస్ వేసుకుంటుంటే కొస వేలాడుతూ కనపడిందట. "సార్‌కి తెలీదా, సీనియర్లు వేరే రకంగా కట్టుకుంటారేమో, అడిగితే బాగోదేమో అనుకున్నా సార్" అంది. నేను మొదటి అడుగు వేశా, రెండో అడుగు వేశా, అప్పటికీ ఆ పిల్ల లోపల్లోపల కొట్టుకుంటూనే ఉంది. చివరికి అడిగింది కూడా ఎలా అడిగింది చూడండి, సార్ ముడి వేసుకోలేదు అని కాదు, అలాగే ఉంటుందా సార్ అని. నా ప్రాణం మీదకి వచ్చిన విషయాన్ని కూడా నా మర్యాద చెడకుండా అడిగింది పాపం.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి కథ కాదని. అమెరికాకి చెందిన లిన్ హిల్ అని ప్రపంచంలోనే పెద్ద పేరున్న క్లైంబర్ ఉన్నారు. 1989లో ఫ్రాన్స్‌లో బ్యూ అనే చోట, ఆవిడ స్థాయికి చాలా సులువైన వార్మప్ దారి ఎక్కారు, తాడు హార్నెస్‌లోంచి దూర్చి, మధ్యలో ధ్యాస వేరే దాని మీదకి మళ్లి, ముడి పూర్తి చేయలేదు. పైకి చేరి తాడు మీద వాలగానే 70 అడుగులకి పైగా కింద పడ్డారు. చెట్టు కొమ్మలు అడ్డం పడబట్టి బతికారు. అదే ఆవిడ 1993లో యోసెమిటీలో ఎల్ క్యాపిటన్ కొండ మీద నోస్ అనే దారిని కేవలం చేతులు కాళ్ల బలంతో ఎక్కిన మొదటి మనిషి, ఆడా మగా అందరిలోనూ. అంతటి ఆవిడకి చేతకాకనా ఆ ముడి? మొదటి వారం నేర్పే ముడి అండీ అది. నేను చేసిన తప్పూ ఆవిడ చేసిన తప్పూ అచ్చు గుద్దినట్టు ఒకటే, ఆవిడ కాలి గోటికి కూడా నేను సరిపోను, అయినా తప్పు మాత్రం ఒకటే.

అందరికీ చెట్టు దొరకదు. బ్రాడ్ గోబ్రైట్ అని 31 ఏళ్ల కుర్రాడు, అదే నోస్ మీద 2017లో స్పీడ్ రికార్డు పెట్టినవాడు, తాడు లేకుండా కూడా ఎక్కే మొనగాడు, 2019 నవంబర్‌లో మెక్సికోలో ఎక్కడం అయిపోయి దిగేటప్పుడు చనిపోయాడు. ఒకే తాడుకి చెరో వైపు ఇద్దరూ ఒకేసారి దిగుతున్నారు, తాడు రెండు వైపులా సమానంగా లేదు, కొసల్లో ముడి వేయలేదు, తన వైపు తాడు అయిపోయింది. స్కైడైవింగ్‌లో 1988లో అమెరికా నార్త్ కరొలైనాలో జరిగింది వింటే నమ్మబుద్ధి కాదు. 800కి పైగా జంప్స్ చేసిన మనిషి, ఇంకొకళ్ల జంప్‌ని వీడియో తీయటానికి కెమెరా తగిలించుకుని విమానంలోంచి దూకేశాడు, పారాచూట్ మాత్రం వేసుకోలేదు. మొదటి జంప్‌కి వెళ్లేవాడు పారాచూట్ మర్చిపోతాడా చెప్పండి? వాడి చెయ్యి నిద్రలో కూడా ఆ పట్టీల మీదే ఉంటుంది.

ఎందుకిలా అవుతుంది అని చాలా ఆలోచించా. నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఆటల్లో తప్పు చేసిన ప్రతిసారీ దెబ్బ తగలదు. ఇంట్లో వైరింగ్ తప్పు చేస్తే ఫ్యూజ్ ఎగిరిపోద్ది, వెంటనే తెలుస్తుంది. బండ దగ్గర అలా కాదు. ముడి చూసుకోకుండా ఎక్కావు, ఏం కాలేదు. హెల్మెట్ పెట్టుకోలేదు, ఏం కాలేదు. మేఘం పట్టినా ఎక్కావు, ఏం కాలేదు. ఆ ఏం కాకపోవటాన్ని మనం మన గొప్పతనం కింద రాసుకుంటాం. పదేళ్లలో అలాంటివి వంద పోగవుతాయి, వందసార్లు ఏం కాలేదు కాబట్టి నాకు బాగా వచ్చు అనుకుంటాం, నిజానికి వాటిల్లో ఎన్ని మన పనితనం, ఎన్ని ఊరికే కలిసొచ్చినవో బండ మనకి చెప్పదు. ఇంకోటి, కొత్తవాడికి చెయ్యీ మనసూ ఒకే చోట ఉంటాయి, భయం వల్ల. మనకి చెయ్యి దాని పని అది చేసుకుపోద్ది, మనసు గోడౌన్ తాళం దగ్గర ఉంటుంది. మధ్యలో ఆగిన పని దగ్గరికి తిరిగొచ్చేటప్పటికి, ముడి వేశానా అని అడిగితే బుర్ర వేశావు అనే చెప్తుంది, అబద్ధం కాదు, నిన్న వేసింది, మొన్న వేసింది, వేలసార్లు వేసింది, అవన్నీ కలిసి ఇవాళ వేసినట్టే అనిపిస్తుంది.

మంచు కొండల్లో విరిగిపడే మంచు చరియల కింద చిక్కుకున్నవాళ్ల గురించి ఇయన్ మెక్‌కామన్ అనే ఆయన అమెరికాలో 700కి పైగా ప్రమాదాలు తీసుకుని పరిశీలించారు. బాగా ట్రైనింగ్ ఉన్నవాళ్లు కూడా తమకి అలవాటైన వాలు మీదకి వచ్చేసరికి, ఏమీ తెలీనివాళ్లతో సమానంగా ప్రమాదంలోకి వెళ్లారని ఆయన రాశారు. అంటే తెలిసిన చోటు అనేసరికి నేర్చుకున్న చదువంతా పక్కన పెట్టేశారన్నమాట.

మన దగ్గర కృష్ణలో చూడట్లేదా. ఈత రానివాడు ఘాట్ మెట్ల మీద చెంబుతో పోసుకుని వచ్చేస్తాడు. చిన్నప్పట్నుంచీ ఈదేవాడే, కృష్ణ నాకు తెలీదా అని లోపలికి వెళ్తాడు, బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు నీళ్ల లాగుడు నిన్నటిలా ఉండదు, ఇసుక తవ్విన గుంట ఎక్కడుందో పైకి కనపడదు. ఈతకి మించిన లోతు లేదు అని సామెత చెప్తారు మనవాళ్లు, ఆ సామెత చెప్పుకునే దిగుతారు కూడా.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు తెనాలి దగ్గర. అక్కడ తాటిచెట్లెక్కి కల్లు గీసే తాత ఒకాయన ఉండేవాడు, నా చిన్నప్పటికే ఆయనకి అరవై దాటాయి. రోజూ పొద్దునా సాయంత్రం అవే చెట్లు. అయినా ప్రతి చెట్టు మొదట్లోనూ ఆగి, నడుముకి వేసుకునే మోకు తాడుని చెట్టు చుట్టూ వేసి, ముడి దగ్గర బొటనవేలు పెట్టి నొక్కి చూసి, రెండు కాళ్లూ తన్నిపెట్టి వెనక్కి గట్టిగా రెండుసార్లు గుంజి, చెట్టుకి దణ్ణం పెట్టి అప్పుడు ఎక్కేవాడు. పది చెట్లుంటే పదిసార్లు. తాతా ఇందాకే చూశావుగా అని నేను అడిగితే, "ఇందాక చూసింది ఇందాకటి చెట్టుకి రా" అన్నాడు. మోకు అదే కదా అని నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన మంచం మీద, ముసలితనంతో పోయాడు. ఆ పన్నెండు అడుగుల మీద ఛాతీ ఆనించి నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బొటనవేలే.

ఇక అసలు విషయం. దీనికి మందు ఏంటంటే ఇంకొకళ్ల కన్ను, ప్రతిసారీ, ఎంత పెద్దవాడికైనా. ఇది ప్రపంచమంతా చెప్పేదే, కానీ మన దగ్గర దీనికి ఒక అడ్డం ఉంది, అది మీ పేపర్ ద్వారా అందరికీ చెప్పాలనే ఇంత రాస్తున్నా. మనకి పెద్దవాళ్లని తప్పు పట్టటం రాదు. రానివ్వరు కూడా. గారు, సార్, అన్న అని పిలిచే మనిషి నడుము దగ్గరికి వంగి మీ ముడి సరిగా లేదండి అని ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల ఎలా చెప్తుంది? ఇంట్లో నాన్న బండి స్పీడుగా నడుపుతుంటే వెనక కూర్చున్న మనమే మెల్లగా అంటామా? హెల్మెట్ చేతికి తగిలించుకుని బెంజ్ సర్కిల్ దాటే బాబాయిని ఎవరైనా అడుగుతారా? అడిగితే ముప్పై ఏళ్ల నుంచి నడుపుతున్నాన్రా అంటాడు, ఆ మాటతో సంగతి అయిపోద్ది.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫ్ దీవిలో, పొగమంచులో, రన్‌వే మీద రెండు పెద్ద జంబో విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. పర్మిషన్ రాకుండానే విమానాన్ని ముందుకి దూకించిన కెప్టెన్ మామూలు మనిషి కాదు, కేఎల్ఎమ్ అనే డచ్ విమాన కంపెనీలో మిగతా పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చే పెద్దాయన, కంపెనీ ప్రకటనల్లో వేసింది ఆయన ఫొటోనే. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, అవతలి విమానం ఇంకా రన్‌వే దాటలేదేమో అని అడిగాడు కూడా, ప్రశ్న లాగానే అడిగాడు. దాటింది అని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఊరుకున్నాడు. కొన్ని సెకన్లు. ఆ తర్వాతే విమాన సంస్థలు జూనియర్లు నోరు విప్పటం, సీనియర్లు వినటం అనేదాన్ని ఒక చదువులాగా నేర్పటం మొదలుపెట్టాయి. ఆ ఇంజనీర్ మాట చదివినప్పుడు నా చెవిలో ఆ అమ్మాయి గొంతే వినపడింది, అలాగే ఉంటుందా సార్ అని.

అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. జూనియర్ ధైర్యం తెచ్చుకుని అడగాలి అని వాళ్ల మీద పెట్టలేదు, అది వాళ్లకి భారం. సీనియరే ముందు వెళ్లి, చేతులు పక్కకి పెట్టి, నా ముడి చూడమ్మా అని అడగాలి. వాళ్లు చేత్తో పట్టుకుని, ఒకటీ రెండూ అని ఐదు జతలు పైకి లెక్క పెట్టి, హార్నెస్ బకిల్ లాగి చూసి, చూశాను అని నోటితో చెప్పాలి. ఆ మాట వినపడకుండా ఎవరి కాలూ నేల మీద నుంచి లేవకూడదు. ముడి వేసేటప్పుడు ఎవరైనా పలకరించినా, ఫోన్ వచ్చినా, ఉన్నది మొత్తం విప్పేసి మొదట్నుంచి వేయాలి. ఇది మొదలుపెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ విసుక్కుంది మాలో పదేళ్లు దాటినవాళ్లే, ఒకాయన అయితే నన్ను చిన్నపిల్లాడిని చేస్తున్నారని రెండు వారాలు రావటం మానేశాడు. మూడో వారం వచ్చాడు. వచ్చిన రోజు ఆయన హార్నెస్ బకిల్‌లోకి పట్టీ కొసని వెనక్కి తిప్పి దూర్చకుండా వదిలేశాడు, అది పదో తరగతి పిల్లాడు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనే అందరికంటే ముందు వెళ్లి నిలబడుతున్నాడు.

మీ పేజీలో పెద్ద ఫొటో ఒకటుంది కదా, బండ పైన నిలబడి రెండు చేతులూ ఎత్తిన కుర్రాడిది. బాగుంది, కానీ ఈసారి వేసేటప్పుడు నాదొక విన్నపం. మేం ప్రతి ఆదివారం ఆరింటికి అక్కడ ఉంటాం, మీ ఫొటోగ్రాఫర్ గార్ని పంపండి, పైకి ఎక్కక్కర్లేదు. కింద, నలభై దాటినవాడు చేతులు పక్కకి పెట్టుకుని నిలబడితే, ఒక చిన్నపిల్ల వంగి వాడి ముడి లెక్కపెడుతూ ఉంటుంది. ఆ ఫొటో తీసి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ